భాషా వారధి బ్రౌన్

పాఠ్యభాగ ఉద్దేశం

ఆంగ్ల వ్యాకరణంలోని నౌన్, వెర్బ్, ప్రిపొజిషన్ వంటి పారిభాషిక పదాలు వినగానే మన విద్యార్థులలో చాలామందికి ఒక విధమైన బెరుకు కలుగుతుంది. ఇంచుమించు రెండు శతాబ్దాల క్రితం ఒక ఆంగ్ల యువకునికి తెలుగు విషయంలో ఇటువంటి పరిస్థితే ఎదురైంది. అతడు ఆ కష్టాన్ని దాటడమే కాక, తన వెనుక వచ్చేవారి కోసం వ్యాకరణాన్ని, నిఘంటువులను రచించాడు. ఆ మహనీయుని జీవితాన్ని తెలుసుకుంటూ, రెండు భాషల భాషాభాగాలను పోల్చి గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి ఏర్పడిన ఫోర్ట్ విలియం కళాశాల నిర్వహణలో ఆయన ప్రముఖపాత్ర వహించాడు. అందువల్ల బ్రౌన్‌కు బాల్యంలోనే ప్రాచ్య, పాశ్చాత్య భాషలతో పరిచయం కలిగింది. 1812లో తండ్రి మరణించిన పిమ్మట కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అక్కడ హెయిలీబరీ కళాశాలలో కంపెనీ ఉద్యోగానికి కావలసిన శిక్షణ పొంది, బ్రౌన్ 1817 ఆగస్టులో మద్రాసు చేరుకున్నాడు. అప్పటికి అతని వయస్సు పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. తెలుగులో ఒక్క అక్షరం కూడా రాదు.

మద్రాసులోని ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల 1812లో ఏర్పడింది. ఉద్యోగంలో చేరే ప్రతి ఆంగ్లేయుడూ అక్కడ దక్షిణదేశ భాషలు అభ్యసించి పరీక్షలో ఉత్తీర్ణుడు కావలసి ఉండేది. వెలగపూడి కోదండరామ పంతులు బ్రౌన్‌కు తెలుగు గురువైనాడు. గురువుకు పాండిత్యం ఉంది, శిష్యునికి పట్టుదల ఉంది. కానీ ఇద్దరి మధ్య పెద్ద అడ్డంకి ఒకటి ఉంది. గురువు ఎరిగిన వ్యాకరణం సంస్కృత సంప్రదాయానికి చెందినది. శిష్యుడు ఎరిగిన వ్యాకరణం గ్రీకు, లాటిన్ భాషల నుండి ఆంగ్లంలోకి దిగివచ్చినది. పారిభాషిక పదాలు వేరు, విభజన వేరు, దృష్టి వేరు.

ఆంగ్లేయుల కోసం రచించిన తెలుగు వ్యాకరణాలు అప్పటికే లేకపోలేదు. విలియం కేరీ రచించిన వ్యాకరణం 1814లో శ్రీరాంపూరులో అచ్చయింది. ఏ.డి. క్యాంబెల్ రచించిన వ్యాకరణం 1816లో మద్రాసులో వెలువడింది. క్యాంబెల్ గ్రంథానికి చేర్చిన ఒక వ్యాసంలోనే ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ తెలుగు సంస్కృతం నుండి పుట్టిన భాష కాదనీ, తమిళ కన్నడాలతో కూడిన వేరొక కుటుంబానికి చెందినదనీ నిరూపించాడు. ఇవి విలువైన కృషులే. అయితే అవి ప్రధానంగా పండితుల సంప్రదాయాన్ని అనుసరించాయి. గ్రంథాలలోని తెలుగు వేరు, బజారులోను కచేరీలోను వినిపించే తెలుగు వేరు. కొత్తగా వచ్చిన విద్యార్థికి రెండవదానితోనే ముందుగా పని పడుతుంది.

బ్రౌన్ ఎదుర్కొన్న కష్టం ఎటువంటిదో తెలియాలంటే, రెండు భాషల భాషాభాగాలను ఒకచోట చేర్చి చూడాలి. వాక్యంలో ఒక్కొక్క పదం చేసే పనిని బట్టి పదాలను వర్గాలుగా విభజిస్తే వాటిని భాషాభాగాలంటారు. తెలుగులో సాధారణంగా నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని ఐదింటిని చెప్పుకుంటాము. ఆంగ్లంలో నౌన్, ప్రొనౌన్, అడ్జెక్టివ్, వెర్బ్, అడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్ అని ఎనిమిది. వీటిలో మొదటి నాలుగూ మన నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియలతో సరిపోతాయి. ఇబ్బంది పేర్లలో లేదు, అవి పనిచేసే తీరులో ఉంది.

నౌన్ అంటే పేరును తెలిపే పదం. మనిషి, నది, ధైర్యం అన్నీ నామవాచకాలే. ఇందులో రెండు భాషలకూ భేదం లేదు. కానీ ఆంగ్లంలో నామవాచకానికి ముందు ఏ, ద అనే ఆర్టికల్స్ తరచుగా రావాలి. తెలుగులో అటువంటి పదాల అవసరం లేదు. సందర్భమే ఆ పని చేస్తుంది, కావలసినచోట ఒక, ఆ అనే మాటలు సాయపడతాయి. తెలుగు విద్యార్థి ఆంగ్లం రాసేటప్పుడు ఆర్టికల్ మరచిపోవడానికి కారణం ఇదే.

ప్రొనౌన్ నామవాచకానికి బదులుగా వాడే పదం. ఆంగ్లంలోని వీ అనే ఒక్క మాటకు తెలుగులో మేము, మనము అని రెండు రూపాలున్నాయి. వినేవానిని కలుపుకొంటే మనము, విడిచిపెడితే మేము. అలాగే యు అనే ఒక్క మాట నీవు, మీరు అనే రెండింటికీ చెల్లుతుంది. ఆంగ్లేయుడు ఈ భేదం తెలియక పెద్దవారిని ఏకవచనంలో సంబోధిస్తే, వ్యాకరణ దోషంతో పాటు మర్యాదా లోపం కూడా ఏర్పడుతుంది.

అడ్జెక్టివ్ నామవాచకం యొక్క గుణాన్ని తెలుపుతుంది. మంచి బాలుడు, మంచి బాలిక, మంచి బాలురు అన్నప్పుడు మంచి అనే పదం మారదు. ఆంగ్లంలోని గుడ్ కూడా అంతే. లాటిన్, సంస్కృత భాషలలో మాత్రం విశేషణం విశేష్యాన్ని అనుసరించి లింగ వచనాలు మార్చుకుంటుంది. అంటే ఈ ఒక్క విషయంలో తెలుగు సంస్కృతం కంటె ఆంగ్లానికే దగ్గరగా ఉందన్నమాట. అడ్వెర్బ్ క్రియ జరిగిన తీరును, కాలాన్ని, స్థలాన్ని తెలుపుతుంది. వేగంగా, నెమ్మదిగా అని తెలుగులో గా చేరినట్లే, ఆంగ్లంలో క్విక్‌లీ, స్లోలీ అని లీ చేరుతుంది.

వెర్బ్ అంటే క్రియ. ఇక్కడ భేదం హెచ్చు. వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి అనే నాలుగు రూపాలకూ ఆంగ్లంలో కేమ్ అనే ఒక్క రూపమే ఉంది. తెలుగు క్రియ చివర కర్త యొక్క పురుష, వచన, లింగాలు దాగి ఉంటాయి. ఆమె వచ్చింది, బండి వచ్చింది అని స్త్రీకీ వస్తువుకూ ఏకవచనంలో ఒకే క్రియారూపం ఉండడం విదేశీయులకు వింతగా తోస్తుంది. రాను అనే చిన్న మాటలో నేను అనే కర్త, వచ్చుట అనే పని, కాదనే అర్థం మూడూ ఇమిడి ఉన్నాయి. ఆంగ్లంలో అదే భావానికి మూడు నాలుగు మాటలు కావాలి. అంతేకాక ఆంగ్ల వాక్యంలో క్రియ కర్తకూ కర్మకూ నడుమ ఉంటుంది, తెలుగులో సాధారణంగా చివరకు వస్తుంది.

ప్రిపొజిషన్ నామవాచకానికి ముందు నిలిచి, దానికి ఇతర పదాలతో గల సంబంధాన్ని తెలుపుతుంది. తెలుగులో ఆ పనిని విభక్తి ప్రత్యయాలు చేస్తాయి, కాని అవి నామవాచకానికి వెనుక చేరుతాయి. సున్నిపెంట నుండి నంద్యాలకు అని మనము అంటే, ఆంగ్లంలో ఫ్రమ్ సున్నిపెంట టు నంద్యాల అంటారు. నుండి, కు అనేవి మన మాటలలో ఊరిపేరు తరువాత వచ్చాయి, ఫ్రమ్, టు అనేవి ముందు వచ్చాయి. కంజంక్షన్ పదాలను, వాక్యాలను కలుపుతుంది. ఆంగ్లంలో అండ్ అనే విడిమాట ఉంటుంది. తెలుగులో అన్నయ్యా తమ్ముడూ అని చివరి అచ్చును దీర్ఘం చేస్తే చాలు. ఇక ఇంటర్జెక్షన్ ఆశ్చర్యం, దుఃఖం వంటి భావాలను తెలిపే అయ్యో, ఆహా వంటి పదం. మన వ్యాకరణాలలో ఇది అవ్యయాలలో చేరిపోతుంది.

ఈ భేదాలన్నీ దాటుకొని బ్రౌన్ 1820లో తెలుగు పరీక్షలో కృతార్థుడైనాడు. ఆ సంవత్సరం ఆగస్టులోనే కడపలో ఉద్యోగం లభించింది. ఆనాటి కడప జిల్లా ఇప్పటికంటె విశాలమైనది. నేడు నంద్యాల జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల ప్రాంతం కూడా 1858 వరకు అందులోనిదే. శిస్తు వసూలు, భూముల తగాదాలు, రైతుల అర్జీలు బ్రౌన్ నిత్యకృత్యాలైనాయి. పరీక్ష గెలిచిన తెలుగు ఇక్కడ చాలలేదు. రైతు నోట వెలువడే మాట పుస్తకంలోని మాట వలె లేదు.

వ్యాకరణం ఎందుకు అవసరమో కచేరీలో కూర్చున్నవానికి బాగా తెలుస్తుంది. రామయ్యకు భూమి ఇప్పించాడు అన్నప్పుడు భూమి రామయ్యది అవుతుంది. రామయ్య చేత భూమి ఇప్పించాడు అన్నప్పుడు రామయ్య దానిని పోగొట్టుకున్నవాడవుతాడు. భేదమల్లా ఒక ప్రత్యయంలోనే ఉంది. ఆ ప్రత్యయం తెలియని అధికారి చేతిలో ఒక కుటుంబం బ్రదుకు తలక్రిందులు కావచ్చు. దుబాసీల మీద ఆధారపడకుండా ప్రజల మాటను స్వయంగా అర్థం చేసుకోవాలనే తపన బ్రౌన్‌కు ఈ ఉద్యోగకాలంలోనే బలపడింది.

1822లో ఆయన మచిలీపట్నానికి బదిలీ అయినాడు. అక్కడ ఉండగా, 1824లో, వేమన పద్యాల వైపు ఆయన దృష్టి మళ్ళింది. పామరులు సైతం నోటికి చెప్పుకునే ఆ పద్యాలను ఆనాటి పండితులు అంతగా లెక్కచేసేవారు కారు. జనవ్యవహారంలోని తెలుగుకు అద్దంపట్టే కవిని బ్రౌన్ వేమనలో చూశాడు. ప్రతులను సేకరించి, పాఠాలను సరిపోల్చి, 693 పద్యాలను ఆంగ్లానువాదంతో 1829లో ప్రచురించాడు. 1839లో 1164 పద్యాలతో మరొక ముద్రణ తెచ్చాడు. వేమన కీర్తి దేశదేశాలకు వ్యాపించడానికి ఈ ముద్రణలు దోహదం చేశాయి.

కడపకు తిరిగివచ్చిన తరువాత బ్రౌన్ ఒక బంగళా కొని, దానిని విద్యాస్థానంగా మార్చాడు. జూలూరి అప్పయ్య శాస్త్రి మొదలైన పండితులను, లేఖకులను పిలిపించి, తన జీతం నుండి వేతనాలిచ్చి పోషించాడు. ఒక కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులను తెప్పించడం, వాటిని పోల్చి పాఠభేదాలను గుర్తించడం, శుద్ధప్రతిని రాయించడం, దానికి వ్యాఖ్యానం సిద్ధం చేయించడం అక్కడ జరిగే పని. శిథిలమై చెదలపాలు కావలసిన ఎన్నో గ్రంథాలు ఈ విధంగా నిలిచాయి. బీదపిల్లల కోసం కడపలోను మచిలీపట్నంలోను ఉచిత పాఠశాలలు కూడా ఆయన నడిపాడు. ఈ ఖర్చులతో అప్పులు పెరిగినా పని ఆపలేదు.

నందన నామ సంవత్సరంలో, అంటే 1832–33లో, గుంటూరు ప్రాంతాన్ని భయంకరమైన కరువు కబళించింది. జిల్లా జనాభాలో దాదాపు మూడవవంతు నశించినట్లు అంచనా. అప్పుడు ఆ ప్రాంతంలో ఉద్యోగిగా ఉన్న బ్రౌన్ బాధితులకు తనకు చేతనైన సాయం చేశాడు. అధికారులకు పరిస్థితిని తెలియజేసేటప్పుడు కొరత, ఇబ్బంది వంటి మెత్తని మాటలు వాడక, కరువు అనే మాటనే ఉపయోగించాడు. అది పైవారికి రుచించలేదు. పదాల అర్థాన్ని జీవితమంతా తూచినవాడు, ప్రాణాలు పోతున్నవేళ సరైన నామవాచకాన్ని వదలుకోలేకపోయాడు. అనంతరం కొద్దికాలానికే ఆయన ఉద్యోగానికి దూరమై ఇంగ్లండు వెళ్ళవలసివచ్చింది.

ఇంగ్లండులోనూ ఆయన తెలుగును మరువలేదు. లండనులోని ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయంలో దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు ఎవరూ పట్టించుకోకుండా పడి ఉండడం గమనించి, వాటిని మద్రాసుకు చేర్పించే ఏర్పాటు చేశాడు. తిరిగి మద్రాసుకు వచ్చి, పర్షియన్ అనువాదకుడుగాను, తరువాత తపాలాశాఖ ఉన్నతాధికారిగాను పనిచేశాడు. తాను సేకరించిన వేలాది గ్రంథాలను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. అవి కాలక్రమాన అక్కడి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి.

ఇరవై సంవత్సరాలకు పైగా పోగుచేసిన అనుభవం ఫలితంగా బ్రౌన్ రచించిన తెలుగు వ్యాకరణం 1840లో ఆంగ్లంలో వెలువడింది. ఆంగ్లవిద్యార్థికి తెలిసిన పారిభాషిక పదాలతో మొదలుపెట్టి, తెలియని భాషలోకి నడిపించడం ఆయన పద్ధతి. అయితే తెలుగును బలవంతంగా ఆంగ్లపు చట్రంలో బిగించలేదు. నిన్న వచ్చిన మనిషి అనే ప్రయోగాన్ని తీసుకోండి. ఆంగ్లంలో ఇక్కడ హూ అనే సంబంధ సర్వనామం కావాలి. తెలుగులో వచ్చిన అనే క్రియాజన్య విశేషణమే ఆ పని చేస్తుంది. దీనికి ఆంగ్లంలో సరితూగే రూపం లేదు. అందువల్ల బ్రౌన్ దానిని రిలెటివ్ పార్టిసిపుల్ అనే పేరుతో వివరించాడు. కావ్యభాషతోపాటు వాడుకభాషకు కూడా ఆ గ్రంథంలో స్థానం కల్పించాడు. దాని రెండవ కూర్పు 1857లో వచ్చింది. ఆ మరుసటి సంవత్సరమే పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడింది. సూరి లక్ష్యం కావ్యభాషకు సూత్రబద్ధమైన లక్షణం చెప్పడం. బ్రౌన్ లక్ష్యం పరాయివానికి తెలుగు నేర్పడం. మార్గాలు వేరైనా, మన భాషను వివిధ కోణాల నుండి చూపిన దర్పణాలు ఇవి.

1852లో బ్రౌన్ తెలుగు–ఆంగ్ల నిఘంటువు వెలువడింది. కావ్యాలలోని పదాలతో పాటు ఇళ్ళలో, పొలాలలో, కచేరీలలో పలికే పదాలనూ, వాటి ప్రయోగాలనూ ఆయన అందులో చేర్చాడు. దీనికి తోడుగా ఆంగ్ల–తెలుగు నిఘంటువును, ఉర్దూ మొదలైన భాషల నుండి తెలుగులో కలిసిన పదాలకు మిశ్రభాషా నిఘంటువును కూర్చాడు. తెలుగు–ఆంగ్ల నిఘంటువును కందుకూరి వీరేశలింగం మొదలైనవారు సంస్కరించగా 1903లో కొత్త కూర్పు వచ్చింది. పరిశోధకులు ఇప్పటికీ దానిని సంప్రదిస్తూనే ఉన్నారు.

బ్రౌన్ కృషిలో లోపాలు లేవని అనరాదు. ఆయన పరాయిపాలకుల ఉద్యోగి. మన సంప్రదాయ వ్యాకరణాల లోతును కొన్నిచోట్ల తక్కువగా అంచనా వేశాడు. అయినా తనకు అర్థం కానిదానిని పండితుని అడిగి, పామరుని నోట విని, పుస్తకంతో సరిపోల్చి తెలుసుకునే ఓర్పు ఆయనలో కడవరకు ఉంది. ఆయన పేరుతో వెలువడిన గ్రంథాల వెనుక తెలుగు పండితుల శ్రమ ఎంతో ఉందని కూడా మనము మరువరాదు.

అనారోగ్యం వల్ల ఉద్యోగం విడిచి, 1855లో బ్రౌన్ ఇంగ్లండు చేరాడు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడైనాడు. పందొమ్మిదేళ్ళ ప్రాయంలో తెలుగు ఓనమాలు దిద్దిన విద్యార్థి వార్ధక్యంలో తెలుగు గురువైనాడు. ఆయన అవివాహితుడు. 1884 డిసెంబరు 12వ తేదీన లండనులో కన్నుమూశాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

కడపలో బ్రౌన్ నివసించిన బంగళా ఉన్న స్థలంలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి మొదలైనవారి కృషి వల్ల ఆయన పేరిట గ్రంథాలయం వెలసింది. అది ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తున్నది. ఏ కవి పద్యాల కోసం బ్రౌన్ శ్రమించాడో ఆ కవి పేరు గల విశ్వవిద్యాలయమే ఆయన స్మృతిచిహ్నాన్ని కాపాడుతున్నది.

ఆంగ్లం నేర్చుకునే మన విద్యార్థి నడిచే దారి బ్రౌన్ నడిచిన దారే, కాకపోతే ఎదురు దిక్కు నుండి. ఆయనకు మన విభక్తులు కొరుకుడుపడలేదు, మనకు వారి ప్రిపొజిషన్లు కొరుకుడుపడవు. ఆయన తనకు వచ్చిన భాషను పక్కన పెట్టుకొని, రానిదానితో ఒక్కొక్క పదాన్నీ పోల్చి చూశాడు. మన తెలుగు వాక్యాన్ని మనము చక్కగా విడదీసి, అందులో ఏ పదం ఏ పని చేస్తున్నదో గుర్తించగలిగితే, ఆంగ్ల వాక్యం ముందు తడబడవలసిన పని ఉండదు.

అభ్యాసం

1. ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో బ్రౌన్‌కు ఎదురైన కష్టం ఎటువంటిదో వివరించండి.
2. ప్రిపొజిషన్‌కూ విభక్తి ప్రత్యయానికీ గల భేదాన్ని మీ ఊరి పేరుతో రెండు వాక్యాలు రాసి చూపండి.
3. మేము, మనము అనే సర్వనామాల భేదాన్ని సొంత వాక్యాలలో తెలపండి.
4. కరువు సమయంలో బ్రౌన్ ప్రవర్తన ఆయన వ్యక్తిత్వాన్ని ఏ విధంగా తెలుపుతున్నది?
5. బ్రౌన్, చిన్నయసూరి వ్యాకరణాల లక్ష్యాలను పోల్చి రాయండి.